ఊట దాకా వచ్చిన నీళ్లు

చిదంబరయ్యగారిని ఏదైనా అడిగితే ఆయన ముందు మనకేసి చూడరు. ఆశ్రమం వెనకున్న వేడినీటి ఊటకేసి చూస్తారు. సూటిగా జవాబు చెప్పిన పాపాన ఏనాడూ పోలేదు. ఆ రోజు అడిగింది నీలవేణి. ఆమెను పెంచి పెద్దచేసిన బాబాయి పోయి ఇంకా నెల కాలేదు.

"చివరిసారి మా ఇంటికి వచ్చినప్పుడు చేతిలో పండైనా లేదు, నోట్లో మంచి మాటైనా లేదు గురువుగారూ. కాసేపు కూర్చుని లేచారు. ఉండమని నేనూ అనలేదు. ఆయనకి నా మీద ప్రేమ ఉండేదంటారా?"

చిదంబరయ్యగారు కోటప్ప సంగతి ఎత్తుకున్నారు.

కోటప్ప వెండి తవ్వేవాళ్లకి పెద్ద. కొత్త కొండకి వెళ్తే అక్కడి ఊటనీళ్లు మూకుట్లో మరిగించి, అడుగున ఏం మిగిలిందో చూడటం వాళ్ల ఆనవాయితీ. ఈ ఊటనీళ్లూ మరిగించారు. తెల్లటి ఉప్పు తప్ప ఏమీ మిగల్లేదు. "ఇది ఉత్త కొండరా, సర్దండి" అన్నాడు కోటప్ప. గుడిసెలు పీకేసి తలో దిక్కూ పోయారు. చాలా ఏళ్లకి వానలకు కొండచరియ విరిగిపడి, తెల్లరాతి చారల్లో నల్లగా వెండి ఖనిజం బయటపడింది. తవ్వుకున్నది వేరేవాళ్లు. ముసలి కోటప్ప వచ్చి ఆ రాయి తడిమి, "నీళ్లలో లేనిది రాతిలోకి ఎలా వచ్చింది స్వామీ?" అని కంటతడి పెట్టాడు.

"నీళ్లే తెచ్చాయి" అన్నారట చిదంబరయ్యగారు. "భూమి లోతున ఆ వేడికి రాళ్లలోని వెండిని కరిగించుకుని పగుళ్ల వెంట పైకి బయల్దేరాయి. దారిలో వేడి తగ్గింది, మోసే శక్తి పోయింది. తెచ్చిందంతా ఆ పగుళ్లలోనే దించేశాయి. ఊట దాకా వచ్చాక వాటి దగ్గర ఇంకేం మిగులుతుంది? నువ్వు అక్కడే వెతికావు."

నీలవేణి మెల్లగా అంది:

"నన్ను నర్సు చదివించాలని బాబాయి సున్నం బట్టీలో చేరారు. ఆ దుమ్ముకే ఊపిరితిత్తులు పోయాయి. ఆ రోజు మాట్లాడలేక ఊరుకున్నారు. ఊళ్లోవాళ్లందరి ఆయాసం చూసేదాన్ని, ఆయనది చూడలేదు. ఇప్పుడు తెలిసింది గురువుగారూ."

ఆయన మళ్లీ ఊటకేసి చూశారు.

"వెండి ఎక్కడుందో కోటప్పకీ తెలిసిందమ్మా. దాన్ని మోసుకొచ్చిన ఆ నీళ్లే, అప్పటికి ఏట్లో కలిసిపోయాయి."