కదపకూడని బాన

ఆ రాజు పేరు ఇప్పుడెవరికీ గుర్తులేదు గానీ, పేరిందేవమ్మ కోపాన్ని పెంకుటిళ్ల వీధి ఇంకా మరిచిపోలేదు.

అది తాతల నాటి వీధి. దాని అందం కాపాడి రాజు మెప్పు పొందాలని విరూపాక్షయ్య అనే అధికారి ఓ ఆజ్ఞ వేశాడు. ఆ ఇళ్లలో పైకప్పు పెంకు మొదలు నట్టింటి పీట దాకా ఏదీ కదపకూడదు, కదిపితే ఇల్లు జప్తు. ఏటా వానలకు ముందు పెంకులు తిరగేసి, పగిలినవి మార్చుకునే వాళ్లంతా చేతులు ముడుచుకు కూర్చున్నారు. తొలి వానకే పేరిందేవమ్మ ఇంటి మట్టిగోడ నాని ఉబ్బింది.

"కూలి నా నెత్తిన పడితే?" అని, వీధిలో ఆజ్ఞ చదివి వినిపిస్తున్న విరూపాక్షయ్య మీద ఆమె మండిపడింది.

"పాతది పాతగానే ఉండాలి!" అన్నాడతను.

"మతిమరుపుదాన్ని బాబూ, వీధంతా వినేలా మళ్లీ చదవండి."

చదివాడు.

మర్నాడు తనిఖీకొచ్చిన విరూపాక్షయ్య జడివానకు ఆమె ఇంట్లోకే పరుగెత్తాడు. ఇల్లంతా కారుతోంది. కారని మూల ఒక్కటే, అక్కడ ధాన్యపు బాన ఉంది.

"దాన్ని జరుపు, ముసలీ!"

"అమ్మో, మా అత్తగారి నాటిది! జరిపితే ఇల్లు జప్తు కదూ?"

"అయితే పక్కింటికి పోతా!"

"పోండి. వాళ్లను మాత్రం పెంకు ముట్టనిచ్చారా? ఏటా పెంకు కదిలింది గనకే ఈ ఇళ్లు వందేళ్లు నిలబడ్డాయి. మా తాతలకు తెలిసింది మీకు తెలీదా?"

తలపాగా పిండుకుంటూ అతను వీధిలోకొచ్చి, ఆజ్ఞ రద్దని అరిచాడు.

"మతిమరుపుదాన్ని బాబూ, ఇంకోసారి!"

ఆ వానలో, వీధి చివరి ఇంటికి వినబడేదాకా పేరిందేవమ్మకు అది గుర్తుండనే లేదు.