అరుగులిచ్చిన వీధి

అనగనగా, ఏటి ఒడ్డున ఒక నేతగాళ్ళ ఊరుండేది తల్లీ. ఇలా దగ్గరికి జరుగు, చెబుతాను.

ఆ ఊళ్ళో ఒక ఇరుకు వీధి. గోడకి గోడ ఆనించి కట్టిన ఇళ్ళు. వరదొస్తే నీళ్ళు లోపలికి రాకూడదని ఇళ్ళన్నీ బాగా ఎత్తు మీద కట్టారు. అందుకని ప్రతి ఇంటికీ నిటారుగా రాతిమెట్లు, మెట్ల పక్కన అరుగులు.

ఆ వీధిలో భద్రమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ మగ్గం మీద కూర్చుందంటే ఆ చప్పుడుకి పక్కింటి పసిపిల్లలు నిద్రపోయేవాళ్ళు. మొగుడు మార్కండేయులు నూలుకి రంగులు వేసేవాడు. ఇద్దరూ గుట్టుగా బతికేవాళ్ళు.

ఒక ఏడు పెద్ద గాలివాన వచ్చింది. ఆ గాలికి పెరటి గోడ కూలి భద్రమ్మ కాలి మీద పడింది. అప్పుడు పట్నం ఆస్పత్రికి తీసుకెళ్ళారు. డాక్టర్లు ఎంతో చూశారు. ప్రాణం దక్కాలంటే కాలు తీసెయ్యక తప్పదన్నారు. తీసేశారు.

నొప్పి పుట్టిందా అంటావా? పుట్టింది బంగారూ. లేని కాలు కూడా సలుపుతోందని ఏడ్చేదట పాపం.

ఆ తర్వాత భద్రమ్మ చక్రాల కుర్చీలో ఇంటికొచ్చింది. వచ్చింది గానీ మెట్ల దగ్గరే ఆగిపోయింది. మార్కండేయులూ, ఎదురింటాయనా చెరో పక్కా పట్టుకుని లోపలికి ఎత్తుకెళ్ళారు. ఇక వీధిలోకి రావాలంటే ఎత్తాలి. పెరట్లోకి వెళ్ళాలంటే ఎత్తాలి. మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గోతిలో దిగాలన్నా ఎవరో ఒకరు ఎత్తాలి. దాంతో ఆవిడ ఎక్కడికీ వెళ్ళడం మానేసి కిటికీ దగ్గర కూర్చునేది.

పక్కింటి వరాలమ్మ రోజూ కూర పట్టుకొచ్చేది. ఎప్పుడొచ్చినా చెంబులో నీళ్ళు నిండుగా అలాగే ఉండేవి. అప్పుడు వరాలమ్మకి అనుమానం వచ్చింది.

"వదినా, నువ్వసలు నీళ్ళు తాగట్లేదా?"

భద్రమ్మ తల దించుకుంది. "తాగితే పెరట్లోకి వెళ్ళాలి కదా వదినా. ఎంతమంది నడుములు విరగ్గొట్టను?"

వరాలమ్మ కూరగిన్నె అక్కడే పెట్టేసింది. గబగబా బయటికొచ్చి, మెట్ల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ తర్వాత లేచి ఇంటింటికీ వెళ్ళి ఆ మాట చెప్పింది. విన్నవాళ్ళెవరికీ ఆ పూట అన్నం సహించలేదు.

మర్నాడే ఆడవాళ్ళంతా భద్రమ్మ పెరట్లో దిగారు. కూలిన గోడ ఇటుకలే ఏరుకొచ్చి, వెనక మెట్లని పూడ్చేసి, కుర్చీ దిగడానికి నున్నటి వాలు పోశారు. స్నానాలగది గుమ్మం వెడల్పు చేయించి, పట్టుకోవడానికి గోడకి ఒక కమ్మీ బిగించారు. ఆ రోజు భద్రమ్మ తనంతట తాను పెరట్లోకి వెళ్ళొచ్చి, చెంబెత్తి గడగడా తాగేసింది.

అప్పుడు వడ్రంగి శీలయ్య వచ్చాడు. మగ్గాన్ని గోతిలోంచి పైకి లేపి, కుర్చీ ఎత్తుకి సరిగ్గా నిలబెట్టాడు. కాలితో తొక్కే చెక్కలు రెండూ దగ్గరికి జరిపాడు, ఒక్క కాలికే అందేట్టు. భద్రమ్మ ఓ చెక్క తొక్కింది. తర్వాత రెండోది తొక్కింది. మగ్గం పలికింది. వీధిలో నడిచేవాళ్ళు నడుస్తున్న చోటే నిలబడిపోయారు.

ఇక మిగిలింది వీధి గుమ్మం. అక్కడే వచ్చింది చిక్కు.

తాపీమేస్త్రీ తాడేసి కొలిచి పెదవి విరిచాడు. "ఇల్లేమో ఇంతెత్తు. వీధేమో ఇంత ఇరుకు. తిన్నగా వాలు పోస్తే జారుడుబల్లే. కుర్చీతో సహా ఎదురింటి గోడకి గుద్దుకుంటుంది. వాలు పొడుగ్గా రావాలంటే పక్కిళ్ళ ముందు నుంచి లాగాలి. అంటే వాళ్ళ అరుగులు కొట్టెయ్యాలి."

అందరూ నేల చూపులు చూశారు. ఎందుకంటే మొదటి అరుగు ఇటుపక్కింటి గున్నయ్య తాతది. ఆ అరుగు వాళ్ళావిడ బతికున్నప్పుడు తన చేతుల్తో మెత్తి, నున్నగా రుద్ది కట్టుకున్నది. ఆవిడ పోయాక తాత తిండీ, కునుకూ, కబుర్లూ అన్నీ దాని మీదే. ఆయన్ని అడగడానికి ఎవరికి నోరొస్తుంది చెప్పు? తాతేమో లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే దభీ దభీమని చప్పుడు. అందరూ బయటికొచ్చారు. చూస్తే, గున్నయ్య తాత పంచె ఎగ్గట్టి, గునపంతో తన అరుగు తనే పగలగొడుతున్నాడు!

"వద్దు తాతా! నా కోసం అవ్వ అరుగు పడగొడతావా?" కిటికీలోంచి భద్రమ్మ కేక పెట్టింది.

తాత చెమట తుడుచుకున్నాడు. "నేను హాయిగా అరుగు మీద కూచుని వీధి చూస్తున్నా. నువ్వు ఊచల వెనక నుంచి నన్ను చూస్తున్నావు. ఇంక నాకు కూచోబుద్ధి కావట్లేదమ్మా. మీ అవ్వే ఉంటే నాకన్నా ముందు గునపం పట్టేది."

అంతే తల్లీ! వెంటనే వరాలమ్మ మొగుడు పార పట్టుకొచ్చాడు. తాతకి అవతలింటివాళ్ళు ఎవరూ అడక్కుండానే తమ అరుగు మీద సామానంతా లోపలికి సర్దేసుకున్నారు. ఒకరు ఇసక మోశారు, ఒకరు నీళ్ళు పోశారు, పిల్లలు రాళ్ళందించారు. మగ్గాలన్నీ ఆపేసి ఊరంతా ఆ వీధిలోనే ఉంది. అరుగులున్న చోట పొడుగాటి వాలు లేచింది. ఏనుగు పడుకున్నట్టు, ఇంటి వెంట ఇల్లు ఆనుకుని.

సిమెంటు బాగా ఆరాక భద్రమ్మ గుమ్మంలోకి వచ్చింది. చక్రాల మీద చేతులు పెట్టింది. మార్కండేయులు వెనక నుంచి కుర్చీ పట్టుకున్నాడు.

"వదిలెయ్యండి," అంది.

"పడతావేమోనే."

"పడితే లేపుదురు గానీ. ముందు వదలండి."

ఆయన వదిలాడు. కుర్చీ కదిలింది. తాత గుమ్మం ముందు నుంచి, ఆ పక్క గుమ్మం ముందు నుంచి, నెమ్మదిగా, పడవ దిగువకి సాగినట్టు సాగింది. జనమంతా గుమ్మాల్లో నిలబడి చూస్తున్నారు. రథం ముందు నిలబడ్డట్టు కొందరు చేతులు జోడించారు.

భద్రమ్మ నేల మీదికి దిగింది. ఒకసారి వెనక్కి చూసింది. అప్పుడు చక్రాలు బలంగా తోసుకుని, వీధి చివర మలుపు తిరిగింది. ఎవరికీ కనబడలేదు. ఒక్కరు కూడా వెంట పరుగెత్తలేదు.

"వెళ్ళింది," అన్నాడు గున్నయ్య తాత. "తనే వెళ్ళింది!"

కాసేపటికి తోటకూర కట్ట ఒళ్ళో పెట్టుకుని తిరిగొచ్చింది. బేరం కుదరక ఆలస్యమైందట!

కథేమో కంచి దారి పట్టింది,
కునుకేమో కంటి రెప్ప తట్టింది.
కంచేమో దూరం, మనిల్లు దగ్గర,
కళ్ళు మూయవే తల్లీ, కమ్మని నిద్దర.