అంచు మడిచిన కంత

ఉదయం ఏడూ ఇరవైకి ఇమామ్ ఉస్తాద్ మల్కాజిగిరిలోని తన రేకుల దుకాణం షట్టర్ ఎత్తి, ముందు నేల మీద నీళ్ళు చల్లుతున్నాడు. అప్పటికే వచ్చి నిలబడ్డ లింబాద్రి, పదకొండు నెలలుగా మనసులో పెట్టుకున్న ప్రశ్న అడిగాడు.

“ఉస్తాద్, నన్ను ఒక్కణ్ణి పనికి ఎప్పుడు పంపిస్తరు?”

ఉస్తాద్ చెంబు బోర్లించి, “సంచి తీస్కో,” అన్నాడు. ప్రశ్న అడిగినవాణ్ణి పనికి తీసుకుపోవడం ఆయన అలవాటు. జవాబు పని దగ్గరే దొరుకుతుందని ఆయన నమ్మకమని కొందరు శిష్యులు అంటారు. ఆయనకు జవాబులు చెప్పడం రాదని మిగతావాళ్ళు అంటారు.

వాళ్ళది డక్టుల పని. ముప్పై నలభయ్యేళ్ళ కింద నగరం శివార్లలో కట్టిన పెద్ద ఇళ్ళు కొన్నిటిలో డాబా మీద ఒక పెద్ద కూలరు ఉంటుంది. దాని గాలిని గదులకు మోసుకెళ్ళే చదరపు రేకు గొట్టాలే డక్టులు. అటకల మీదా సీలింగు వెనకా ఉండే ఆ గొట్టాలు ఎవరికీ కనిపించవు. గాలి తగ్గినప్పుడే ఇంటివాళ్ళకు గుర్తొస్తాయి. లోపలి దుమ్ము తీయడం, తుప్పు పట్టిన చోట రేకు మార్చడం, ఊడిన అతుకులు బిగించడం ఉస్తాద్ ముప్పై నాలుగేళ్ళుగా చేస్తున్నాడు. లింబాద్రికి నలభై ఒకటి. ఆర్మూరు దగ్గరి ఊరు. ఫ్యాన్ల ఫ్యాక్టరీ మూతపడ్డాక ఈ పనిలోకి వచ్చాడు. తనకంటే పదేళ్ళు చిన్నవాళ్ళు సొంతంగా ఇళ్ళు పట్టుకుని చేస్తుంటే, అతను ఇంకా ఉస్తాద్ వెనక సంచి మోస్తున్నాడు. ఆ వేసవిలో అతనికి ఉన్న కోరిక ఒక్కటే: ఒక్కడే వెళ్ళి ఒక ఇల్లు చేసి రావాలి.

ఆ రోజు వెళ్ళిన ఇల్లు ఉప్పల్ వైపు ఒక పాత కాలనీలోది. 1986లో కట్టింది. యజమాని మార్తాండరావు డెబ్బై ఆరేళ్ళ రిటైర్డ్ ఇంజనీరు. డక్టుల నక్షా ఆయనే గీశాడు. ఆ కాగితం ఇప్పటికీ ప్లాస్టిక్ కవరులో దాచుకున్నాడు. వచ్చిన ప్రతి ఒక్కరికీ చూపిస్తాడు. అందులో గాలి దిగే చోట్లు నాలుగు: హాలు, రెండు పడక గదులు, ఆయన ఆఫీసు గది. హాలు గోడకి ఒక థర్మామీటరు కూడా ఉంది.

“ముప్పై మూడు,” అన్నాడు దాన్ని చూపించి. “కట్టిన ఏడాది ఇదే నెలలో ఇరవై ఎనిమిది. రాసిపెట్టాను. నాకు ఆ అయిదు డిగ్రీలూ తిరిగి కావాలి.”

ఉస్తాద్ లింబాద్రి వైపు తిరిగి, “ఈ ఇల్లు నీది,” అన్నాడు. తను వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సాయంత్రం దాకా లేవలేదు.

లింబాద్రి ఆ మాటను పరీక్షగానే తీసుకున్నాడు. గ్రిల్లులు విప్పి, పొడవాటి బ్రష్షుతో గొట్టాలు తోమి, మూడు గోనె సంచుల దుమ్ము దించాడు. దుమ్ముతో పాటు ఒక షటిల్ కాక్, ఎలుక కొరికిన సబ్బు ముక్క, ఎవరిదో పాత శుభలేఖ కూడా వచ్చాయి. ఊడిన అతుకులు ఏడు బిగించాడు. చివరికి వంటింటి అటక మీదికి ఎక్కి చూస్తే, గొట్టం అడుగు రేకులో జానెడు పొడవు, నాలుగు వేళ్ళ వెడల్పు కంత ఒకటి కనిపించింది. నక్షాలో అది లేదు. అటక చెక్కల సందులోంచి గాలి సూటిగా వంటింట్లోకి దిగిపోతోంది. దొంగ దొరికాడనుకున్నాడు లింబాద్రి. కొత్త రేకు ముక్క కత్తిరించి, కంత మీద పరిచి, పన్నెండు రివెట్లు కొట్టి, చుట్టూ మైనం లాంటి సీలెంటు పూశాడు. వేలు తడిపి పెట్టి చూశాడు. గాలి జాడ లేదు.

దిగుతుంటే వంట చేసే మాణెమ్మ స్టూలు పట్టుకుంది.

“అటక మీద గుడ అయిపోయిందా బిడ్డా?”

“అంతా బంద్ జేసిన అవ్వా. ఇగ ఇసుమంత గాలి గుడ వేస్టు పోదు.”

“మంచిగ చేసినవ్,” అని ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

అయిదు గంటలకు హాల్లో థర్మామీటరు ఇరవై ఎనిమిది చూపించింది. మార్తాండరావు దాన్ని కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి చూశాడు. లింబాద్రి ఉస్తాద్ ముఖం చూశాడు. ఉస్తాద్ చెప్పుల కోసం వెతుక్కుంటున్నాడు.

ఆరో రోజు పొద్దున మార్తాండరావు దుకాణానికి ఫోన్ చేశాడు. ఉస్తాద్ స్పీకరు పెట్టాడు.

“మీ వాడు బంగారంలాంటి పని చేశాడయ్యా. హాల్లో కూర్చుంటే దుప్పటి కావాలనిపిస్తోంది. మా కాలనీలో ఇంకో రెండు ఇళ్ళకి చెప్పాను.” లింబాద్రి కత్తెర కింద పెట్టి దగ్గరికి వచ్చాడు. “ఒక్క వంటే కాస్త గాడి తప్పింది. నిన్న పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. మొన్న భోజనం రెండున్నరకి. మాణెమ్మ ఈ నెలాఖరుకి మానేస్తానంటోంది. వయసు మీద పడింది, పొయ్యి దగ్గర నిలబడలేకపోతున్నా అంటోంది. పందొమ్మిదేళ్ళుగా ఉన్న మనిషి. పోనీలెండి, అది మీ పని కాదుగా.”

ఫోన్ పెట్టేశాక లింబాద్రి ముఖం వెలిగిపోతోంది. “రెండు ఇండ్లకు చెప్పిండట, ఉస్తాద్.”

“వంటింటి మీద ఒక కంత మూసిన అన్నవు గదా. దాని అంచులు ఎట్లుండె?”

లింబాద్రి కాసేపు గుర్తు చేసుకున్నాడు. “లోపలికి మడిచి ఉండె. నాలుగు దిక్కులా. చెయ్యి పెట్టినా తెగలే.”

“తుప్పుకు అంచు మడుసుడు వస్తదా?”

లింబాద్రి ముఖంలో వెలుగు తగ్గింది. ఈసారి చెప్పకుండానే సంచి అందుకున్నాడు.

వాళ్ళు వెళ్ళేసరికి మధ్యాహ్నం పన్నెండూ పది. మాణెమ్మ పిండి ముద్దలు చేస్తోంది. చీర కొంగు మెడ చుట్టూ తడిసి అంటుకుని ఉంది. ఉస్తాద్ గుమ్మం దగ్గర నిలబడి సలాం చెప్పాడు.

“అమ్మా, మా లింబాద్రికి పుల్కాలు కాల్చుడు నేర్పుతవా? పది కాలిస్తే చాలు.” తర్వాత మార్తాండరావుతో, “సార్, మీ థర్మామీటరు ఒక్కసారి ఇటు తెస్తరా?” అన్నాడు.

మార్తాండరావుకు విషయం అర్థం కాలేదు గానీ, థర్మామీటరు అడిగిన మనిషిని ఆయన ఎన్నడూ కాదనలేదు. తెచ్చి కిటికీ మేకుకు తగిలించాడు. అది నలభై దాటింది. ఆయన దాన్ని వేలితో తట్టి చూశాడు. తగ్గలేదు.

లింబాద్రి చొక్కా చేతులు మడిచి అప్పడాల కర్ర పట్టుకున్నాడు. మొదటి పుల్కా పెనం మీద పడగానే మాణెమ్మ వంగి చూసింది.

“ఇదేందయ్యా, నాలుగు మూలలొచ్చినయ్?”

“గుండ్రంగనే ఒత్తిన అవ్వా.”

“రోజు చదరపు గొట్టాలు జేసే చెయ్యి గదా. ఇగ దీనికి రివెట్లు గుడ కొట్టు.”

మార్తాండరావు గుమ్మంలోంచి నవ్వాడు. లింబాద్రి రెండోది ఒత్తాడు. అదీ చదరమే. మూడోది మాడింది. నాలుగోదానికి చెమట కంట్లో పడి, పట్టకారు ఎక్కడుందో కనిపించలేదు. “పట్టకారు నీ చేతిలనే ఉన్నది,” అంది మాణెమ్మ. అయిదోది ఎలా ఉందో ఆమె చెప్పలేదు. ఆరోది కాలుతుండగా లింబాద్రి ఊపిరి కోసం పొయ్యి నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. వేసి, కిందికి చూశాడు. మొజాయిక్ నేలంతా మెరుస్తోంది. సరిగ్గా తను నిలబడ్డ చోట మాత్రం రెండు పాదాల మేర నునుపు పోయి గరుకుగా ఉంది. తల ఎత్తి చూశాడు. అటక చెక్కల సందులోంచి, తను ఆరు రోజుల కింద కొట్టిన కొత్త రేకు తళతళలాడుతోంది.

“గాలి మంటకు తగలదు,” అన్నాడు తనలో తనే అనుకుంటున్నట్టు. “మెడకు తగులుతది. కొలిచి కోసిన్రు.” మాణెమ్మ వైపు తిరిగాడు. “ఇది ఎవలు కోయించిన్రు అవ్వా?”

మాణెమ్మ పెనం మీది పుల్కా తిప్పి, మార్తాండరావును ఒకసారి చూసి, మళ్ళీ పుల్కాను చూసింది.

“ఎవలకు చెప్పనని మాటిచ్చిన.”

“ఎవరికి ఇచ్చావు మాట?” అన్నాడు మార్తాండరావు.

“అమ్మకు. పనిలకొచ్చిన తొలిరోజు నన్ను ఈడ నిలబెట్టి చూపించింది. ఎవలకు చెప్పకు, ముఖ్యంగ అయ్యకు చెప్పకు అన్నది.”

అమ్మ అంటే మార్తాండరావు భార్య విశాలాక్షి. ఆరేళ్ళ కింద పోయింది. మార్తాండరావు గుమ్మానికి ఆనుకున్నాడు. ఆయనకు కోపం వచ్చిందేమోనని లింబాద్రి పట్టకారు కింద పెట్టాడు.

“వంటింట్లోకి కూడా గాలి పెట్టించమంది,” అన్నాడు చివరికి. “పెడితే మంట రెపరెపలాడుతుంది, గ్యాసు దండగ అని కాగితం మీద లెక్క వేసి చూపించాను. శ్రద్ధగా వింది. మీరు లెక్క వేశాక ఇంకేముందండీ అంది.” అక్కడ ఆయన గొంతు వణికింది. ఏడుస్తున్నాడేమో అనుకున్నారు. నవ్వుతున్నాడు. “డక్టులు బిగించే రోజు నేను ఆఫీసుకు వెళ్ళాను. ఆ వెనకాలే రేకులవాణ్ణి వంటింట్లోకి పిలిచి ఉంటుంది. ముప్పై ఎనిమిదేళ్ళు. ఎంతమందికి చూపించానో ఆ నక్షా. పక్కనే నిలబడి కాఫీలు ఇచ్చేది.”

“కాఫీలిచ్చి ఈడికొచ్చి, నోట్ల కొంగు పెట్టుకొని నవ్వేది,” అంది మాణెమ్మ. “నేను గుడ నవ్వేదాన్ని. తప్పే. ఏం జేస్తం, మీరు నాలుగు వేళ్ళు ముడిచి నాలుగు చోట్లు లెక్కపెడుతుంటే ఆపుకునుడు అయ్యేది కాదు.”

మార్తాండరావు నవ్వి నవ్వి పిండి డబ్బా మీదే కూర్చుండిపోయాడు. పెనం మీద పుల్కా మాడిపోయింది. ఎవరూ పట్టించుకోలేదు.

“మరి మొన్న మూస్తుంటే నాతోనన్న అనకపోతివి అవ్వా,” అన్నాడు లింబాద్రి.

“మాట మాటే గదా బిడ్డా. నువ్వు అడగలే. అడిగితే ఏమందునో నాకే తెల్వదు.”

లింబాద్రి ఉస్తాద్‌ను ఏమీ అడగకుండానే స్టూలు వేసుకుని అటక ఎక్కాడు. పన్నెండు రివెట్లూ ఊడబీకాడు. కంతను ఉత్త కంతగా వదిలేయలేదు. తీసిన రేకునే చిన్న మూతగా మలిచి, కీలు వేసి, గాలి పొయ్యి వైపు పోకుండా ఏటవాలుగా బిగించాడు. మూత తీయడానికీ వేయడానికీ ఒక సన్నని గొలుసు కిందికి వదిలాడు. మాణెమ్మ చేతికి అందుతుందా అని ఆమె చేతనే రెండుసార్లు లాగించి చూశాడు. అర్ధగంటలో వంటింట్లో థర్మామీటరు ముప్పై నాలుగుకు దిగింది.

“హాల్ల ఒక డిగ్రీ పెరుగుతది సార్,” అన్నాడు మార్తాండరావుతో. “ముందే చెప్తున్న.”

మార్తాండరావు లోపలికి వెళ్ళి నక్షా కవరులోంచి తీసి, బల్ల మీద పరిచి, వంటింటి దగ్గర స్కేలు పెట్టి అయిదో గుర్తు గీశాడు. పక్కన ఆ రోజు తేదీ వేయబోయి, ఆలోచించి, 1986 అని వేశాడు.

ఆ పూట అక్కడే భోజనం. చదరపు పుల్కాలు కాల్చినవాళ్ళే తినాలని మాణెమ్మ తీర్పు చెప్పింది. ఉస్తాద్‌కు మాత్రం గుండ్రనివి వడ్డించింది. పప్పులో ఉప్పు సరిపోయింది. నెలాఖరు మాట ఎవరూ ఎత్తలేదు. తిరిగి వచ్చేటప్పుడు బండి వెనక కూర్చున్న లింబాద్రి తన పాత ప్రశ్న మళ్ళీ అడగలేదు. అది అడిగే అర్హత తనకింకా రాలేదని ఆ రోజు అనుకున్నానని తర్వాత చెప్పాడు.

నాలుగు రోజులు గడిచాయి. పొద్దున దుకాణంలో రేకు కొలుస్తుండగా లింబాద్రి ఫోన్ మోగింది. బయటికి వెళ్ళి చాలాసేపు మాట్లాడి వచ్చాడు. ముఖంలో నవ్వూ బెంగా రెండూ ఉన్నాయి.

“మాణెమ్మ చేసింది, ఉస్తాద్. మార్తాండరావు సార్ రోజు పేపర్ పట్టుకొని వంటింట్లకొస్తుండట. సరిగ్గ ఆ మూత కిందనే కుర్చీ ఏస్తుండట. బెండకాయ ముక్క ఎంత పొడుగుండాలె, నూనె ఎన్ని చెంచాలు పొయ్యాలె, అన్నీ చెప్తుండట. ఆమెకు నిలబడ జాగ లేదట. ఆయన కోసమని అవతలి మూలకు ఇంకో కంత కొట్టాలంటున్నది. కుర్చీ గుడ అటే పోతదట.” ఆగి, గొంతు తగ్గించాడు. “ఆయనకు మాత్రం చెప్పొద్దంటున్నది. ఏం జేద్దాం?”

ఉస్తాద్ రేకు మీద గీత గీయడం ఆపలేదు.

“ఫోన్ ఎవలకొచ్చింది?”

“నాకే.”

“మరి నన్నడుగుతవేంది?” అన్నాడు ఉస్తాద్.