బాతుల పోలయ్యా, పడమటి వెలుగూ

జరగండమ్మా, ఇంకాస్త ముందుకు జరగండి. కాళ్ళు చాపుకున్నవారు కొంచెం ముడుచుకుంటే వెనక నిలబడ్డ నలుగురికీ చోటు దొరుకుతుంది. ఆ, అలాగ. ఈ పూట నేను చెప్పబోయేది పెద్ద పురాణమేమీ కాదు. మా గురువుగారు పరంధామయ్య గారి వాకిట్లో ఒక సందెవేళ, గంట సేపట్లో జరిగిపోయిన సంగతి. భగవంతుడి దయవల్ల నేనప్పుడు అక్కడే ఉన్నాను.

గురువుగారికి ఒక అలవాటుండేది. ఎవరెంత పెద్ద ప్రశ్న వేసినా ముందుగా, "ఇప్పుడెక్కడినుంచి వస్తున్నావు నాయనా?" అని అడిగేవారు. ఆ సాయంకాలం ఎరువుల కొట్టు చెంగల్రాయుడు గారు రొప్పుతూ వచ్చారు. పన్నెండేళ్ళుగా గురువుగారి శిష్యులు. గీతలో పదిహేనో అధ్యాయం పుస్తకం చూడకుండా అప్పజెప్పగలరు.

"స్వామీ, కళ్ళారా చూసినదాన్ని నమ్మవచ్చునా, కూడదా?"

"ఇప్పుడెక్కడినుంచి వస్తున్నావు నాయనా?"

"నా గోడౌను నుంచి స్వామీ. బాతుల పోలయ్యను లోపల పెట్టి, తాళం వేసి వస్తున్నాను."

పోలయ్య సంగతి కాస్త చెప్పాలి. మా వైపు వరికోతలు అయిపోగానే బాతులు మేపేవాళ్ళు వస్తారు. పోలయ్య, ఆయన భార్య అంకమ్మ, ఆరువందల బాతులు, ఒక చుట్ట వల, అంతే వాళ్ళ సంసారం. పగలంతా బాతులు కోసిన మడుల్లో రాలిన గింజలూ, నత్తలూ ఏరుకు తింటాయి. పొద్దు గూకగానే పోలయ్య మడి మధ్యలో నిలబడి, టార్చిలైటు గాల్లో ఊపుతూ ఒక కూత పెడతాడు. ఆరువందలూ బిలబిలమంటూ వచ్చి, చుట్టూ కట్టిన వలలోకి దూరతాయి.

ఆ ఏడు పోలయ్య వచ్చిన వారానికే పడమటి దిక్కున ఒక వెలుగు కనబడసాగింది. ఏ చుక్కా అంత పెద్దగా ఉండదు. కిందికి వచ్చేసరికి ఎర్రగా, పచ్చగా మిణుకుమంటుంది. ఇటు ఊగుతుంది, అటు ఊగుతుంది. ఊళ్ళోవాళ్ళు ఫోన్లలో వీడియోలు తీసుకున్నారు. ఎగిరే పళ్ళెమన్నారు కొందరు. కాదు, దొంగలు ఇళ్ళు చూసుకోవడానికి వదిలిన డ్రోనన్నారు మరికొందరు. పక్క ఊళ్ళో ఆ వారమే రెండిళ్ళు దోచుకున్నారాయె. పైగా సోమవారం సందెవేళ ఆకాశం నుంచి నిప్పుముద్ద ఒకటి జర్రున జారి, సరిగ్గా పోలయ్య మకాం మీదే పడింది. "సరుకు దించిందిరా!" అనుకున్నారు. నేను చెప్పే ఈ సాయంకాలం పోలయ్య ఇంకా లైటు ఊపబోతుండగానే పదిమంది పట్టుకొచ్చారు. చెంగల్రాయుడు గారు నడివీధిలో నిలబడి, "వీడు లైటు ఊపడమూ, అది రావడమూ నా రెండు కళ్ళతో చూశాను!" అని అరిచారు. ఊళ్ళో ఆయన మాటకు తిరుగులేదు. తెల్లారాక పోలీసులకు అప్పగిద్దామని ఆయన గోడౌన్లోనే పెట్టారు.

ఇదంతా ఆయన చెబుతుండగానే అంకమ్మ వచ్చి పడింది.

"సామీ, మా ఆయన్ని ఇడిపించండి. ఆయన గొంతు ఇనపడకుంటే ఒక్క బాతు కూడా వలలోకి రాదు. నేను పిలిస్తే నా మొగం చూసి ఇంకా దూరం పోతన్నాయి. కాలవ గట్టున నక్కలు దిగినాయి సామీ. తెల్లారేలోపు మందంతా పాయె!"

గురువుగారు లేచి పడమటికి చూశారు. వెలుగు ఉంది. "అదేనా నాయనా?"

"అదే స్వామీ! చూడండి, ఎలా ఊగుతోందో! పోలయ్య లైటు నేను లాక్కున్నా వచ్చేసింది!" అంటూ చేతిలో ఉన్న టార్చిలైటు పైకెత్తి చూపించారు చెంగల్రాయుడు గారు.

అంకమ్మ ఆ లైటు వంక చూసింది. "మరి ఇయ్యాల దాన్ని ఎవురు పిలిచినారు సామీ?"

"ముందే చెప్పి పెట్టుంటాడమ్మా!" అన్నారాయన. అని, తన మాట తనకే నచ్చనట్టు మొహం పెట్టారు. నేను నవ్వు ఆపుకోవడానికి ఎంత కష్టపడ్డానో ఆ దేవుడికే తెలుసు.

గురువుగారు మాత్రం నవ్వలేదు. చెంగల్రాయుడు గారిని అరుగు మీద కూర్చోబెట్టి, తలను వెనక గోడకు గట్టిగా ఆనించమన్నారు. వాకిట్లో ఆవును కట్టే గుంజ ఉంది. ఆ వెలుగు సరిగ్గా గుంజ అంచును తాకేటట్టు ఆయన్ను అటూ ఇటూ జరిపారు.

"తల కదపకు. అది గుంజను వదిలి పక్కకు ఊగగానే నాకు చెప్పు. పది నిమిషాలు."

"పది నిమిషాలంటే నాకు పది బాతులు సామీ," అంది అంకమ్మ.

"అందుకే ఇంకెక్కువ అడగలేదు తల్లీ."

చెంగల్రాయుడు గారు రెప్ప వేయకుండా చూశారు. కాలవ వైపునుంచి నక్క కూత ఒకటి వినబడింది. అంకమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరికి ఆయనే గొంతు తగ్గించి అన్నారు.

"ఊగలేదు స్వామీ. గుంజ వెంబడే కాస్త కిందికి దిగింది. పొద్దు దిగినట్టే."

"అది శుక్రుడు నాయనా. పక్కన ఆనవాలేదీ లేకుండా చూస్తే నిలకడగా ఉన్న చుక్క కూడా ఊగినట్టే ఉంటుంది. కొన్నాళ్ళు తెల్లవారుజామున తూర్పున ఉంటాడు, అప్పుడు వేగుచుక్క అంటావు. కొన్నాళ్ళు సందెవేళ ఇటు వస్తాడు. పోలయ్య లైటు ఊపే వేళా, ఆయన కనబడే వేళా ఒకటే. ఆ వేళకే మీ ఇంట్లో దీపం కూడా పెడతారు కదా. మరి మీ ఆవిడ పిలిచిందని ఎందుకనుకోలేదు?"

"మరి సోమవారం రాలిన నిప్పుముద్దో స్వామీ? వంతెన మీద నిలబడి చూశాను, వీళ్ళ మకాం మీదే పడింది!"

"అది మేమూ చూసినాం సామీ," అంది అంకమ్మ. "మాకు ఇంకా పడమరగా, కొండల అవతల రాలింది. ఎవురి కొంపమీద పడిందో పాపం అనుకున్నాం."

చెంగల్రాయుడు గారు వంతెన వైపు ఒకసారి, కొండల వైపు ఒకసారి తల తిప్పి చూశారు. తరువాత, "అయితే నేను చూసినదంతా అబద్ధమేనా స్వామీ?" అన్నారు.

"తాళంచెవి ఎక్కడుంది?" అన్నారు గురువుగారు.

ఆయన లేచారు. నేనూ వెంట వెళ్ళాను. గోడౌను ముందు ఊరు ఊరంతా ఉంది. చెంగల్రాయుడు గారు ఇందాక అరిచినచోటే నిలబడి, ఇందాకటి గొంతుతోనే, "నేను చూసింది శుక్రుణ్ణి! రాలింది ఉల్క! పోలయ్య ఏ తప్పూ చేయలేదు, తప్పు నాది!" అన్నారు.

"ఏందన్నా, శుక్రుడి మీద కేసు పెడదామా అయితే?" అన్నారెవరో. వీధంతా ఘొల్లుమంది. ఆయన తల వంచుకుని తాళం తీసి, టార్చిలైటు పోలయ్య చేతిలో పెట్టారు. పోలయ్య లైటు తీసుకుని మడుల వైపు పరుగెత్తాడు. చెంగల్రాయుడు గారు పంచె ఎగగట్టి ఆయన వెనకే పరుగెత్తారు.

పోలయ్య కూత వినబడగానే చీకటిపడ్డ గట్ల మీంచి, కాలవలోంచి బాతులు రావడం మొదలుపెట్టాయి. చెంగల్రాయుడు గారు మోకాటిలోతు బురదలో నిలబడి, ఆఖరి బాతు దూరేదాకా వల అంచు ఎత్తి పట్టుకున్నారు. పదకొండింటిని మాత్రం అప్పటికే నక్కలు ఎత్తుకుపోయాయి.

ఆ బురద కాళ్ళతోనే తిరిగివచ్చి గురువుగారి ముందు కూలబడ్డారు. "నా కళ్ళు నన్ను మోసం చేశాయి స్వామీ."

"కళ్ళనేమీ అనకు నాయనా," అన్నారు గురువుగారు. "అవి నీకు చుక్కనే చూపించాయి."

అంతేనమ్మా జరిగింది. ఇళ్ళకు వెళ్ళేటప్పుడు ఒక్క పని గుర్తుపెట్టుకోండి. అరిచిన వీధిలోనే, అరిచినంత గట్టిగా, తప్పు నాదని చెప్పారాయన. మనకూ అలాంటి రోజు వస్తే ఆ వీధికి వెళదాం.