లవంగానికి ఘాటెలా వచ్చిందంటే

ఒకప్పుడు లవంగం తియ్యగా ఉండేది. మండేది కాదు, నాలుక చుర్రుమనేది కాదు. కొమ్మ మీది మొగ్గ తుంచి నోట్లో వేసుకుంటే తాటిబెల్లం ముక్క చప్పరించినట్టే ఉండేది. ఆ రోజుల్లో చీమలకు లవంగం చెట్టంటే ప్రాణం. పుట్ట పెట్టుకుంటే దాని మొదట్లోనే పెట్టుకునేవి.

సముద్రం కనబడే ఒక కొండవాలున, దొర్కమ్మ అనే ఆవిడ పెరట్లో అలాంటి చెట్టొకటి ఉండేది. దొర్కమ్మకు ఏడేళ్ళ కూతురు, సలోమి. ఆ ఇంట్లో తల్లీకూతుళ్ళిద్దరే.

పొద్దున లేవగానే సలోమి చెట్టు దగ్గరికి పరిగెత్తేది. "లవంగత్తా, ఒక్క మొగ్గ!"

"ఒక్కటంటావు, గౌను జేబులు నింపుకుపోతావు," అని చెట్టు కసిరేది. కసురుతూనే కొమ్మ వంచేది.

సలోమి తింటూ పోతుంటే దారంతా ముక్కలు రాలేవి. వెనకాలే చీమలు బారులు తీరి ఏరుకునేవి.

క్రిస్మస్ దగ్గర పడిందంటే దొర్కమ్మ పిండి కలిపేది. తినడానికి కాదు, పండగ చెట్టుకు కట్టే బొమ్మల కోసం. గోధుమపిండిలో గుప్పెడు ఉప్పు, దాల్చినచెక్క పొడి వేసి గట్టిగా పిసికేది. చపాతీలా ఒత్తి, చాకుతో చుక్కలు కోసేది, గొర్రెపిల్లలు కోసేది. గాడిదను కూడా కోసేది గానీ దాని చెవులు ఎప్పుడూ విరిగిపోయేవి. దారం ఎక్కించడానికి పుల్లతో చిల్లు పెట్టి ఎండబెట్టేది. ఇసుక పోసిన డబ్బాలో సరుగుడు కొమ్మ నాటి, దానికి అన్నీ వేలాడదీసేది. ఇల్లంతా దాల్చినచెక్క వాసన.

చీమలు వాసనకు వచ్చేవి. ఉప్పు తగలగానే మూతి తిప్పుకుని పోయేవి.

ఒక ఏడాది సలోమి పచ్చిపిండి మీద తన అరచెయ్యి పెట్టి గట్టిగా అదిమింది.

"అమ్మా, నా చెయ్యి కూడా చెట్టుకి కట్టు."

దొర్కమ్మ నవ్వి, ఆ అచ్చు చుట్టూ కోసి ఎండబెట్టింది. సలోమి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "గోళ్ళేవీ?" అంటూ పెరట్లోకి పరుగు తీసింది.

"లవంగత్తా, నా చేతికి గోళ్ళు పెట్టాలి. అయిదు మొగ్గలివ్వు."

"ఉన్నవన్నీ నువ్వే తినేశావు కదే! పైకొమ్మన ఉన్నవి ఇంకా ఆవగింజంతే. వచ్చే పండక్కి ఇస్తాలే."

"తప్పకుండా?"

"తప్పకుండా."

మరుసటి వానాకాలంలో కొండవాలుకి జ్వరం వచ్చింది. ఇంటింటికీ తిరిగింది. నాలుగంటే నాలుగు రోజుల్లో సలోమి పోయింది.

ఆ ఏడు లవంగం చెట్టు విరగకాసింది. కొమ్మ వంచమని అడిగేవాళ్ళు లేరు.

మళ్ళీ పండగ దగ్గర పడింది. దొర్కమ్మ పిండి కలపలేదు. చుక్కలు కొయ్యలేదు. పెట్టె అడుగున గుడ్డలో చుట్టి దాచిన పిండి చేతిని తీసి, సరుగుడు కొమ్మకు అదొక్కటే కట్టింది. పిల్ల వేళ్ళ గీతలు కూడా అందులో చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఫోటోలు లేని కాలం. దొర్కమ్మకు మిగిలింది అదే.

కిటికీలోంచి చెట్టు చూసింది.

"దొర్కమ్మా, ఆ చేతికి గోళ్ళిస్తానని పిల్లకు మాటిచ్చాను."

"ఇప్పుడెందుకే అవి?"

"అడిగింది కదా."

దొర్కమ్మ పళ్ళెం పట్టుకొచ్చింది. చెట్టు తన ఒంటి మీదున్న వాటిలో బాగా బలిసిన అయిదు మొగ్గలు వెతికి ఇచ్చింది. దొర్కమ్మ చిటికెడు పిండి తడిపి, ఒక్కో వేలి చివరా ఒక్కోటి అతికించింది.

చెట్టు చీమల్ని పిలిచి గట్టిగా చెప్పింది. "ఆ చేతి జోలికి మాత్రం పోవద్దు."

"ఎంత మాట తల్లీ!" అంది పెద్దచీమ. "ఆ పిల్ల చేతిలోంచి రాలింది తిని పెరిగినవాళ్ళం. మేం ముట్టుకుంటామా?"

పండగ మూడు రోజులుందనగా తుఫాను పట్టుకుంది. ఊరంతా సామాన్లు నెత్తిన పెట్టుకుని మెరక మీదున్న చర్చికి బయల్దేరింది. దొర్కమ్మ పిండి చేతిని కొమ్మ నుంచి విప్పబోయి ఆగింది. వానలో తీసుకెళితే తడిసి ముద్దయిపోతుంది. ఇంట్లోనే ఉండనిచ్చి, తలుపు బిగించి, వెనక్కి చూసుకుంటూ వెళ్ళింది.

పుట్టలోకి నీళ్ళు వచ్చాయి. చీమలు గుడ్లు నోట కరుచుకుని, గుమ్మం కింది సందులోంచి ఇంట్లోకి పాకాయి. లోపల పొడిగా ఉంది, వెచ్చగా ఉంది. సరుగుడు కొమ్మ మీంచి తియ్యటి వాసన వస్తోంది.

క్రిస్మస్ పొద్దున వాన వెలిసింది. దొర్కమ్మ ఇంటికొచ్చి తలుపు తీసింది. కొమ్మకు దారం వేలాడుతోంది. దాని కొసన చిటికెనవేలంత ముక్క. కింద నేల మీద గోధుమరంగు పొడి.

దొర్కమ్మ అరవలేదు. ఆ పొడిని కొంగులోకి ఎత్తుకుని, పెరట్లోకి వచ్చి, చెట్టు ముందు నిలబడింది.

"ఏడాదంతా దాని జోలికి ఒక్క చీమ రాలేదు," అంది. "నువ్వు ఇవ్వకుండా ఉంటే బాగుండేదే."

అంతే అంది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

చెట్టు ఆకులన్నీ వణికాయి. "చీమా!" అని కేకేసింది. "ఏం చేశారు?"

పెద్దచీమ తల దించుకుంది. "ఒక్క గోరే కొరికాం తల్లీ. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నాయి. ఒకటయ్యాక రెండోది. నీ తీపి పిండిలోకి దిగింది. వేళ్ళూ తియ్యగానే ఉన్నాయి."

"గాలికి నా మొగ్గలు పెరడంతా రాలిపడ్డాయి. అవి తినొచ్చుగా?"

"బయట వాన తల్లీ. అదైతే దగ్గర్లో ఉంది."

"అందుకేనా?"

"అందుకే."

పక్కనున్న పోకచెట్టును అల్లుకుని మిరియాల తీగ ఉంది. చెట్టు దానివైపు తిరిగింది.

"వదినా, నీ ఘాటులో సగం నాకియ్యి."

మిరియాల తీగ తటపటాయించింది. "ఇస్తాను గానీ వదినా, ఒకసారి పుచ్చుకున్నావంటే మళ్ళీ తీపి రాదు. నిన్ను తుంచి చప్పరించే పిల్లలు ఒక్కరూ ఉండరు."

"ఇప్పుడెవరున్నారు?" అంది లవంగం చెట్టు.

తీగ చెయ్యి చాచి చెట్టును పట్టుకుంది. ఘాటు కొమ్మకొమ్మకూ పాకింది, మొగ్గమొగ్గలోకీ దిగింది. చెట్టు మొదట్లో ఉన్న చీమలకు మూతులు మండాయి. "తల్లీ, తప్పయిపోయింది, ఎక్కడికి పొమ్మంటావు?" అని ఏడ్చాయి. చెట్టు వినలేదు. చీమలు పిల్లల్ని ఎత్తుకుని, బురదలో బారు కట్టి వెళ్ళిపోయాయి.

చెట్టు దొర్కమ్మ కిటికీ వైపు చూసింది. కిటికీ మూసే ఉంది.

అప్పటినుంచే లవంగం ఘాటెక్కింది. పంచదార డబ్బాలో నాలుగు లవంగాలు వేసి చూడండి, చీమ అంచు దాకా వచ్చి వెనక్కి తిరిగిపోతుంది. ఒకటి నోట్లో వేసుకుని చూడండి, ముందు నాలుక భగ్గుమంటుంది. ఆ తర్వాత మొద్దుబారిపోయి, ఎంతసేపటికీ ఏ రుచీ తెలియదు.