పలక మీద ప్రభువు

ఒకానొక రాజ్యంలో వీధిబడి అరుగు మీద ఒక కుండ ఉండేది. ఊళ్లో ఏ ఇల్లాలు ఎసరు పెట్టినా, ముందు ఒక పిడికెడు బియ్యం ఆ కుండకు తీసి ఉంచాకే తన ఇంటి బియ్యం కడిగేది. మధ్యాహ్నం ఆ బియ్యమే ఉడికి, పూట గడవని ఇళ్ల పిల్లల కడుపు నింపేది. పలకలు వడ్రంగులు చెక్కి ఇచ్చేవారు. ఎవరి గింజ ఎవరి నోట్లోకి పోయిందో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు కూడా.

ఈ సంగతి విని ఉద్దండ మహారాజు మనసు చివుక్కుమంది.

"ఇచ్చినవాడి పేరు లేకుండా దానమేమిటి? ఎవరో తుమ్మి, తుమ్మింది ఎవరో చెప్పనట్టుంది" అన్నాడు.

వెంటనే కుండ తీయించేశాడు. ఇకమీదట బియ్యమూ తనదే, పలకలూ తనవే అని చాటించాడు. పలకల మీద చెరగని లక్క రంగుల్లో తన బొమ్మ వేయించాడు. మీసం ఈ అంచున మొదలై ఆ అంచు దాకా పోయింది. దాని కింద మిగిలిన జాగాలో ఒక మాట పడుతుంది. పొడుగు మాటయితే అదీ పట్టదు.

ఆస్థానంలో చుక్కన్న అని ఒక హాస్యగాడు ఉండేవాడు. తనది వానాకాలం చదువనీ, తను బడికెళ్లిన ఏడాది వానలు కూడా ఎగ్గొట్టాయనీ తనే చెప్పుకునేవాడు. పలక ఎలా ఉందని రాజు అతణ్ణి అడిగాడు.

"చదువుకి కాస్త అడ్డంగా ఉంది గానీ, చూడ్డానికి నిండుగా ఉంది ప్రభూ. నేనూ అంతే కదా" అన్నాడు చుక్కన్న.

రాజు మొదటి సగం వినలేదు.

నాలుగు రోజులు బాగానే గడిచాయి. ఒకనాడు మంత్రి గంభీరప్ప బడి చూడబోయాడు. ఆ వేళకు చాకలి వారి పిల్ల పోలి, 'ఖ' రాయబోయి వంకర పోయిందని, పలక మీద తుప్పున ఉమ్మి అరచేత్తో తుడిచింది. పలక పుట్టిన నాటి నుంచీ పిల్లలంతా చేసే పనే అది. మంత్రిగారికి మాత్రం ఒక పిల్ల ప్రభువు మీసం మీద ఉమ్మినట్టు కనిపించింది.

పోలిని చెరలో పెట్టారు. ఇకపై పలక తుడవడం రాజద్రోహమనీ, ఉమ్మితోనే కాదు, నీళ్లతో, ఆకుతో, గుడ్డతో తుడిచినా అంతేననీ శాసనం వచ్చింది. పొరుగు రాజు రాయబారి మర్నాడు బడి చూసిపోతాడు. ఆయన వెళ్లగానే పోలిని తల్లిదండ్రులతో సహా పొలిమేర దాటిస్తారు.

పోలి తల్లి చుక్కన్న గుమ్మం ముందు కూలబడింది.

"తుడవకపోతే పంతులు కొడతాడు, తుడిస్తే రాజు కొడతాడు. నా పిల్ల ఏం చెయ్యాలి బాబూ?"

తనకు అక్షరాలే సరిగా తోచవని, ఇక ఉపాయం ఎక్కడ తోస్తుందని ఆమెతో అంటూనే చుక్కన్న పెరటి వైపు చూశాడు. పోలి వాళ్ల గాడిద అతని కంచె మీద నుంచి మెడ చాచి గోంగూర మేస్తోంది. ఉపాయం దానంతటది వచ్చి నిలబడి నములుతోందన్నమాట.

తెల్లారగానే బడికి వెళ్లాడు. ఏ అక్షరం దాకా వచ్చారని పంతులుగారిని అడిగాడు. ఖ దగ్గర ఆగిపోయామనీ, రాసినవి తుడవరాదు గనక రాయబారి కోసం కొత్త పలకలు వచ్చాయనీ అన్నాడు ఆయన.

"అయితే ఇవాళ గ చెప్పండి. పిల్లలకు తెలిసిన మాటే చెప్పండి" అని ఆ మాటేదో చెవిలో వేశాడు.

రాయబారి పల్లకీ వీధి మలుపు తిరుగుతుండగా, రాజు ముందుగానే వచ్చి బడిలో అడుగుపెట్టాడు. పిల్లలంతా లేచి పలకలు ఎత్తి పట్టుకున్నారు. ప్రతి పలక నుంచీ మహారాజు మహారాజును చూశాడు. ప్రతి మీసం కిందా 'గాడిద' అని ఉంది. ఒక్కడు మాత్రం దీర్ఘం మరిచి 'గడిద' అని రాశాడు. అది చూసి రాజుకు కాస్త ఊరట కలిగింది.

"ఏమిటిది?"

"గ అండి" అన్నాడు చుక్కన్న. "పిల్లలు రాసింది గాడిద గురించే ప్రభూ. పైన ఎవరున్నారో గాడిదకు తెలియదు."

"ముందు తుడిపించు."

"తుడిస్తే చెరలో పెట్టమని తమ శాసనం."

"పలకలు తిరగేసి పట్టుకోమను."

"అటువైపు తమ వీపు వేయించారు కదా ప్రభూ. దాని కిందా రాశారు."

రాజు మంత్రి వైపు తిరిగి, నువ్వు తుడవమన్నాడు. గంభీరప్ప చేతులు జోడించాడు.

"నాకు పిల్లలున్నారు మహాప్రభూ."

బయట బాకా ఊదారు. రాజు చేతికందిన పలక లాక్కున్నాడు. తుప్పున ఉమ్మాడు. అరచేతి మడమతో గుండ్రంగా, మూలల్లో మునివేళ్లతో, ఎంతో అలవాటున్నవాడిలా తుడిచాడు. ఆరడానికి గాలిలో ఊపాడు. అలవాటు చొప్పున పలకను కళ్లకద్దుకున్నాడు కూడా.

చుక్కన్న తలారి వైపు వంగి, మెల్లగా, అందరికీ వినపడేలా అడిగాడు.

"పోలి పక్క గది ఖాళీగా ఉందా నాయనా?"

రాజు తన అరచెయ్యి చూసుకున్నాడు. నల్లగా ఉంది. చిన్నప్పుడు ఎప్పుడూ అలాగే ఉండేది. ముందు మీసం కదిలింది, తర్వాత బొజ్జ, ఆ తర్వాత సింహద్వారం దాకా వినపడేలా నవ్వు.

"తుడవండిరా" అన్నాడు.

పిల్లలు ఆ మాట కోసమే కాచుకున్నారు. బడంతా ఒక్కసారి జల్లు పడింది.

"వానాకాలం చదువంటే ఇదన్నమాట" అన్నాడు చుక్కన్న, ముఖం ఉత్తరీయంతో తుడుచుకుంటూ. "నేను చదివిన ఏడాది వాన కురవలేదు."

రాయబారి వాకిట్లో మర్యాదలన్నీ అందుకుని లోపలికి వచ్చేసరికి పోలిని విడిపించి తెచ్చారు, కుండ మళ్లీ అరుగు ఎక్కింది. రాజు అందులో తన పిడికెడు పోశాడు. ఆ పిడికెడూ మిగిలిన బియ్యంలో కలిసిపోయింది.

ఈ పిల్లలకు తిండి పెట్టే పుణ్యాత్ముడు ఎవరని రాయబారి అడిగాడు.

రాజు చూరు వైపు చూశాడు.

"ఎవరో తుమ్మారు లెండి" అని మళ్లీ పకపకా నవ్వాడు.

చుక్కన్నకు ముత్యాల హారంతో పాటు బొమ్మ లేని పలక ఒకటి బహుమానంగా దొరికింది. ఆగిపోయిన చదువు ముగించుకోమన్నాడు రాజు. చుక్కన్న పోలి పక్కనే చతికిలబడి, నాలుక బయటపెట్టి 'గ' రాశాడు. వంకర పోయింది.

పోలి తొంగి చూసి, తుప్పున ఉమ్మి తుడిచేసింది.

"ఇంకోసారి రాయి తాతా."