ఈ పార ఎవరిది?

అనగనగా అంటే మన దగ్గర కాదు, సముద్రాలకు అవతల, డచ్చివాళ్ళ దేశంలో. అక్కడ ఓల్డెవీల్ అని ఓ చిన్న ఊరు. ఊరు కింద, సముద్రం పైన. మధ్యలో ఒక్క మట్టికట్ట. నమ్మరా? చేపలు ఇళ్ళ కప్పుల కంటే ఎత్తులో ఈదేవి మరి!

ఆ కట్టలో ఎవరి పొలం ముందున్న ముక్క వాళ్ళదే. గండి పడితే వాళ్ళే పూడ్చుకోవాలి. ఇక నావల్ల కాదనుకున్నవాడు తన పారని కట్టలో నిలువునా గుచ్చి ఊరొదిలి పోవాలి. ఆ పార పీకినవాడికి పొలమూ వస్తుంది, కట్టా వస్తుంది. అదీ ఆ ఊరి కట్టుబాటు.

వోబ్బె బాతులు కాసుకునేవాడు. సెంటు భూమి లేనివాడికి కట్టుబాటు ఎవరు చెబుతారు? ఓ పొద్దున హార్మెన్ అనే రైతు పొలం ముందు, కట్టలో గుచ్చిన పార కనబడింది. "పాపం, హార్మెన్ మర్చిపోయినట్టున్నాడు" అనుకుని పీకి, మట్టి తుడిచి, ఇచ్చేద్దామని బయల్దేరాడు. హార్మెన్ ఇంట్లో పొయ్యి చల్లగా ఉంది. మనుషుల్లేరు.

పక్కింటి ఆఫ్కె దగ్గరికి వెళ్ళాడు. "అక్కా, ఈ పార ఎవరిది?"

ఆమె చేతులు వెనక్కి దాచుకుంది. "మాది కాదు."

కమ్మరి దగ్గరికి వెళ్ళాడు. "మామా, ఈ పార ఎవరిది?"

ఆయనా చేతులు దాచుకున్నాడు. "మాది కాదు."

కట్ట బాగోగులు చూసే ఊరి పెద్దాయన దగ్గరికి వెళ్ళాడు. "అయ్యా, ఈ పార ఎవరిది?"

"మాది కాదు. పీకింది నువ్వు కాబట్టి నీదే. పొలం నీదే, కట్టా నీదే."

"తిరిగిద్దామని పీకానండీ!"

"అయితే మళ్ళీ గుచ్చి ఊరొదిలి పో. ఎవరొద్దన్నారు?"

వోబ్బెకి బుర్ర తిరిగిపోయింది. తీసింది పార. మీదపడింది సముద్రం. గుచ్చేద్దామని కట్టెక్కాడు. ఓ పక్క అలలు. ఇంకో పక్క, కింద, ఆఫ్కె పిల్లలు ఆడుకుంటున్నారు. "నేను పోతే దీన్ని ఎవరు పీకుతారు?" అనుకున్నాడు. పారని పడుకోబెట్టి పక్కన కూర్చున్నాడు. కాసేపటికి లేచి మట్టి మొయ్యడం మొదలుపెట్టాడు. ఎందుకు మోస్తున్నాడో వాడికే అర్థం కాలేదు.

చలికాలం రాకముందే తుఫాను వచ్చింది. వోబ్బె ముక్కలోంచి నీళ్ళు ఊరాయి. "రండర్రా!" అని అరిచాడు. ఎవరూ రాలేదు. కదిలితే తమ ముక్క పోతుందని ఎవరి భయం వాళ్ళది. "అయితే పోండర్రా, చర్చి దిబ్బ ఎక్కండి!" అని అరిచాడు. ఈసారి కదిలారు. చివరి పిల్ల దిబ్బ ఎక్కేదాకా వాడు మట్టి వేస్తూనే ఉన్నాడు. ఆ తర్వాత కట్టా లేదు, వోబ్బే లేడు.

నీళ్ళు తీశాక చూస్తే, గండి పడ్డచోట లోతైన మడుగు. ఒడ్డున బురదలో పార, నిలువుగా! వోబ్బె గుచ్చాడా? నీళ్ళు గుచ్చాయా?

"నావల్ల కాదనుకున్నాడేమో" అన్నాడు పెద్దాయన.

ఆఫ్కెకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "ఏమో, నాకు తెలీదు. పీకేది మాత్రం నేనే" అని పట్టుకుంది. కమ్మరి పట్టుకున్నాడు. పెద్దాయనా పట్టుకున్నాడు. అందరూ కలిసి పీకేశారు. మరి ఇప్పుడు పొలం ఎవరిది, కట్ట ఎవరిది? చివరికి అందరూ కలిసే, మడుగు చుట్టూ తిప్పి కొత్త కట్ట పోశారు.

ఈనాటికీ అక్కడ కట్ట వంకర తిరుగుతుందట. ఈనాటికీ ఆ ఊళ్ళో పారని నిలబెట్టరట, పడుకోబెడతారట. తుఫానుల కాలం వస్తోందంటే బాతుల కాపరి ఒకడు పార భుజాన వేసుకుని గడపగడపకీ వెళ్తాడు. "ఈ పార ఎవరిది?" అని అడుగుతాడు.

"మాది" అంటారు, చేతులు చాచి.